పొద్దున్నే కళ్ళు ఉబ్బుతున్నాయా? చుక్కలా, బిళ్లా, దిండు కవరా: ముందు ఏది?

పొద్దున ఆరింటికి అద్దంలో చూసుకుంటే కనురెప్పలు పొంగిన బూరెల్లా ఉంటాయి. పదిన్నరకల్లా ఏమీ జరగనట్టు మామూలైపోతాయి. ఆఫీసులో ఎవరికైనా చెబితే "బానే ఉన్నాయిగా" అని ఒకసారి మొహంలోకి చూసి వెళ్ళిపోతారు. నాకిలా నాలుగేళ్ళు సాగింది. ఈ నాలుగేళ్ళలో మందులూ వాడాను, వస్తువులూ కొన్నాను. వరుసే తలకిందులైంది. అన్నిటికన్నా ఖరీదైన ఎయిర్ ప్యూరిఫయర్ మొట్టమొదట కొన్నాను, అన్నిటికన్నా చవకైన దిండు కవరు సంగతి ఆఖర్న చూశాను. మీరు ఆ తప్పు చేయకుండా ఉండాలంటే ఏది దేనికి పనికొస్తుందో, ఏది ఎప్పుడు దండగో విడివిడిగా తెలియాలి.

ముందు ఒక చిన్న సంగతి: ఉబ్బు పొద్దున్నే ఎందుకు? ఒంట్లో అన్నిటికన్నా పల్చటి చర్మం కనురెప్పలది. దాని కింది కణజాలం వదులుగా ఉంటుంది కాబట్టి కొంచెం నీరు చేరినా బయటికి కనిపించేస్తుంది. పగలు నిలబడి తిరుగుతాం, రెప్పలు ఆడిస్తూ ఉంటాం, ఆ నీరు కిందికి దిగిపోతుంది. రాత్రి పడుకుంటే ఆ రెండూ ఉండవు. ఇది అందరికీ ఉండేదే. ఎలర్జీ ఉన్నవాళ్ళకి దీని మీద ఇంకోటి తోడవుతుంది. పడని పదార్థం కంటికి తగలగానే అక్కడి మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. సన్నటి రక్తనాళాలు ఉబ్బి, వాటిలోంచి నీరు కారుతుంది, దురద పుడుతుంది. నిద్రలో మనకి తెలియకుండానే కళ్ళు నలుపుకుంటాం. నలిపితే మరింత హిస్టమిన్ వస్తుంది. ఏడు గంటలు మొహం ఆనించి పడుకున్న దిండులోనే ఆ పడని పదార్థం ఉంటే ఇక చెప్పేదేముంది!

అసలు ఇది ఎలర్జీయేనా

దురద ఉంటే చాలావరకు ఎలర్జీ. దురద లేకపోతే అనుమానించండి. రెండు కళ్ళూ ఒకేలా ఉబ్బడం, లేవగానే వరసగా తుమ్ములు, ముక్కు దిబ్బడ, కంట్లోంచి పల్చటి నీరు కారడం, ఇవన్నీ ఎలర్జీ వైపే చూపిస్తాయి. రెప్పలు అతుక్కుపోయి పసుపు పచ్చటి పుసి కడుతుంటే అది కళ్ళకలకో మరో ఇన్ఫెక్షనో. దురద లేకుండా రెండు మూడు రోజులకోసారి మాత్రమే ఉబ్బుతుంటే, ముందు రోజు రాత్రి పదకొండింటికి ఏం తిన్నారో గుర్తు చేసుకోండి. ఆవకాయ, అప్పడాలు, బిర్యానీ, ఉప్పు ఎక్కువైన ఏదైనా సరే నీటిని పట్టి ఉంచుతుంది. దానికి ఎలర్జీ బిళ్ల వేసుకుంటే ఏ ఉపయోగమూ లేదు.

ఇక్కడ కొంచెం ఆగి ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. చిన్నపిల్లలకి పొద్దున్నే కళ్ళ చుట్టూ ఉబ్బు వచ్చి, దురద లేకపోతే, "ఎలర్జీలే" అని సిరప్ పట్టి ఊరుకోకండి. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే కిడ్నీ జబ్బు సరిగ్గా ఇలాగే మొదలవుతుంది. పొద్దున కళ్ళ దగ్గర, సాయంత్రానికి కాళ్ళల్లో నీరు. మూత్రంలో నురగ వస్తుంటే, మొల దగ్గర బట్టలు బిగుతవుతుంటే ఆ రోజే డాక్టరుకి చూపించి మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయించండి. చాలా చవకైన పరీక్ష. మొదట్లో ఎలర్జీ అనుకుని వారాల తరబడి మందులు వాడి, తర్వాత అసలు సంగతి తెలుసుకునే ఇళ్ళు తక్కువేం కాదు. పెద్దవాళ్ళలో మొహమంతా ఉబ్బి, బరువు పెరిగి, చలి ఎక్కువగా అనిపిస్తుంటే థైరాయిడ్ చూపించుకోవాలి. రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి బీపీ బిళ్లలు వాడేవాళ్ళకి పెదవులు, నాలుక, రెప్పలు ఉన్నట్టుండి వాస్తే అది అత్యవసరం. ఒక్క కన్నే ఉబ్బి, ఎర్రబడి, నొప్పితో జ్వరం ఉంటే, లేదా చూపు మసకబారితే, ఇంట్లో వైద్యాలన్నీ ఆపి ఆసుపత్రికి వెళ్ళిపోవాలి.

దిండులోదా, గాలిలోదా, మొహానికి రాసుకున్నదా

ఎలర్జీయే అని తేలాక ఏం కొనాలన్నది అది ఎక్కణ్ణుంచి వస్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది. దీనికి డబ్బు ఖర్చు లేని పరీక్ష ఒకటుంది: నాలుగు రోజులు ఊరెళ్ళండి. చుట్టాలింట్లో పడుకుంటే తగ్గిపోయి, ఇంటికొచ్చిన మర్నాడే మళ్ళీ మొదలైతే మీ పడగ్గదే కారణం. ఏడాదంతా ఉండి, దుప్పట్లు దులిపినప్పుడల్లా పెరుగుతుంటే దుమ్ము పురుగులు, అంటే డస్ట్ మైట్లు. ఇవి కంటికి కనిపించవు, కుట్టవు. మన ఒంటి మీంచి రాలిన చర్మపు పొట్టు తిని బతుకుతాయి. మనకి పడనిది ముఖ్యంగా వాటి రెట్ట. వీటికి తేమ కావాలి. గాలిలో తేమ 50 శాతం లోపుకి పడిపోయి అలాగే ఉంటే ఎండిపోయి చస్తాయి. అందుకే కాకినాడలో ఉండేవాళ్ళకీ అనంతపురంలో ఉండేవాళ్ళకీ ఒకే సలహా పనికిరాదు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో పరుపు మీద ఖర్చు పెట్టడం తెలివైన పని. పొడి నేలల్లో బయటి దుమ్మునీ పుప్పొడినీ ముందు అనుమానించాలి.

వానలు పడ్డాక ఖాళీ స్థలాల నిండా తెల్లటి పూలతో పెరిగే వయ్యారిభామ (కాంగ్రెస్ గడ్డి అన్నా అదే) పెద్ద దోషి. 1950ల్లో అమెరికా గోధుమలతో పాటు మన దేశానికి వచ్చిందంటారు. దాని పుప్పొడే కాదు, ఎండిన ఆకుల పొడి గాలికి ఎగిరి తగిలినా కొందరికి రెప్పల చర్మం ఎర్రబడి, మందమెక్కి, పొట్టు లేస్తుంది. సర్కారు తుమ్మ, సరుగుడు చెట్ల పుప్పొడి కూడా చాలామందికి పడదు. వరి నూర్పిళ్ళప్పుడు పల్లెల్లో లేచే దుమ్ము సంగతి వేరే చెప్పక్కర్లేదు. అమెరికాలో ఆస్టిన్, శాన్ ఆంటోనియో వైపు ఉండే మనవాళ్ళకి డిసెంబరు, జనవరిలో ఇది రావడానికి కారణం అక్కడి సెడార్ చెట్లు. అక్కడ చలికాలంలో కళ్ళు వాస్తే జలుబనుకునేవాళ్ళే ఎక్కువ.

మూడో కారణాన్ని ఎవరూ పట్టించుకోరు: రాసుకున్నవి. ఆదివారం తలకి నల్లరంగు వేసుకుంటారు, సోమవారమో మంగళవారమో పొద్దున రెప్పలు వాస్తాయి. రంగులో ఉండే పీపీడీ అనే రసాయనం పడనివాళ్ళకి తలకన్నా ముందు రెప్పలే ఉబ్బుతాయి. మధ్యలో ఒకటి రెండు రోజులు గడుస్తాయి కాబట్టి ఆ రెంటికీ లింకు తట్టదు. గోళ్ళ రంగు కూడా అంతే. వేళ్ళ దగ్గర ఏమీ ఉండదు, ఆ వేళ్ళతో ముట్టుకున్న రెప్పల మీద దద్దురు వస్తుంది. కొత్త కాటుక, కొత్త ఫేస్ క్రీము, నుదుటికి రాసుకునే తలనొప్పి బామ్ కూడా ఈ జాబితాలోవే. ఇలాంటి వాపుకి దిండు కవర్లు, ప్యూరిఫయర్లు ఏమీ చేయలేవు. రాసుకోవడం మానడమే మందు.

ఈ పూట తగ్గాలంటే

ఎనిమిదింటికి మీటింగ్ ఉంది, మొహం ఇలా ఉంది. అప్పుడు చల్లటి కాపడాన్ని మించింది లేదు. ఉతికిన మెత్తటి బట్టని ఫ్రిజ్ నీళ్ళలో ముంచి పిండి, మూసిన కళ్ళ మీద పది నిమిషాలు పెట్టుకోండి. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, దురద కూడా సద్దుమణుగుతుంది. ఐసు ముక్క నేరుగా పెట్టకండి, ఆ పల్చటి చర్మం ఓర్చుకోలేదు. కీర ముక్కలా, టీ బ్యాగులా, ఫ్రిజ్‌లో పెట్టిన చెంచాలా అని తర్జనభర్జన అక్కర్లేదు. వాటిలో పనిచేసేది చల్లదనమే. వేడి కాపడం మాత్రం వద్దు. అది కంటికురుపుకి మంచిది, ఎలర్జీ ఉబ్బుని పెంచుతుంది.

నందివర్ధనం పూలు కళ్ళ మీద పెట్టుకోవడం మా అమ్మమ్మ కాలం నాటి అలవాటు. చల్లగా హాయిగానే ఉంటుంది. కానీ ఆ పువ్వు కాడ తుంచితే పాలు కారతాయి, అవి కంట్లో పడితే మంట. కాబట్టి కడిగి, కాడ లేకుండా, కన్ను మూసుకుని. ఇక కంట్లో పోసేవి, అంటే రోజ్ వాటర్, తేనె, ఆముదం, చనుబాలు, వీటిలో దేనికీ నా ఓటు లేదు. మొహానికి రాసుకునే రోజ్ వాటర్ సీసా కంట్లో వేయడానికి శుద్ధి చేసింది కాదు. కంట్లో ఏదైనా పోయాలనే ఉంటే మెడికల్ షాపులో దొరికే కృత్రిమ కన్నీటి చుక్కలు (కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ అని రాసి ఉంటుంది) మేలు. పుప్పొడినీ దుమ్మునీ కడిగేస్తాయి. ఫ్రిజ్ తలుపులో పెట్టి వాడితే ఇంకా హాయి. రోజుకి నాలుగుసార్ల కన్నా ఎక్కువ వేసుకునేవాళ్ళు ప్రిజర్వేటివ్ లేనివి అడిగి తీసుకోండి.

చుక్కలా, బిళ్లా, ముక్కులో స్ప్రేనా

నేను ఎక్కువ కాలం తికమకపడింది ఇక్కడే. నాకు అర్థమైన లెక్క ఇది: ఇబ్బంది కళ్ళకే పరిమితమైతే చుక్కలు. కళ్ళతో పాటు తుమ్ములు, ఒళ్ళు దురద కూడా ఉంటే బిళ్ల. ముక్కు దిబ్బడే ప్రధానమై, దానితో పాటు కళ్ళు ఉబ్బుతుంటే ముక్కులో కొట్టుకునే స్ప్రే.

చుక్కల్లో ఓలోపటడిన్, కీటోటిఫెన్, బెపోటాస్టిన్, ఆల్కాఫ్టడిన్ అని పేర్లు కనిపిస్తాయి. ఇవన్నీ రెండు పనులు చేస్తాయి: వచ్చిన హిస్టమిన్‌ని అడ్డుకుంటాయి, మాస్ట్ కణాలని కొత్తగా వదలకుండా ఆపుతాయి. నిమిషాల్లోనే దురద తగ్గుతుంది, బిళ్ల అంత తొందరగా పనిచేయదు. ఓలోపటడిన్ 0.1 శాతం అయితే రోజుకి రెండుసార్లు, 0.2 శాతం అయితే ఒకసారే. రోజూ పొద్దున గుర్తుంచుకోలేని నాలాంటివాళ్ళకి రెండోది సుఖం. ఉబ్బు తెల్లారేసరికి వచ్చేది కాబట్టి రాత్రి వేసుకోవచ్చా అని డాక్టరుని అడగండి. నాకు అదే కలిసొచ్చింది. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్ళు లెన్సు తీసి చుక్క వేసుకుని, పది పదిహేను నిమిషాలు ఆగాలి. కళ్ళు ఎర్రగా ఉంటే లెన్సు జోలికే పోవద్దు. సీసా తెరిచాక నెల దాటితే పారేయండి, సగం మిగిలినా సరే. అమెరికాలో 2020 నుంచి ఓలోపటడిన్ డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతోంది.

బిళ్లల్లో సెట్రిజిన్ 10 మిల్లీగ్రాములు అందరికీ తెలిసిందే. చవక, బాగా పనిచేస్తుంది, కానీ కొంతమందికి మర్నాడు పదింటిదాకా మత్తు వదలదు. బండి నడిపేవాళ్ళకి అది చిన్న విషయం కాదు. లెవోసెట్రిజిన్ కొంచెం నయం. ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్ మత్తు చాలా తక్కువ. అయితే వీటికి షరతులున్నాయి. ఫెక్సోఫెనడిన్‌ని పళ్ళరసంతో వేసుకుంటే ఒంటికి సరిగ్గా అందదు, మంచినీళ్ళే తాగాలి. బిలాస్టిన్ టిఫినుకి గంట ముందు గానీ, తిన్న రెండు గంటల తర్వాత గానీ వేసుకోవాలి. ఇడ్లీ తిని నోట్లో వేసుకునే అలవాటున్న ఇంట్లో ఇది కుదరదు. పాతకాలపు ఫెనిరమిన్, క్లోర్‌ఫెనిరమిన్ రకాలు నిద్ర బాగా పట్టిస్తాయి. పెద్దవయసు వాళ్ళకీ, గ్లాకోమా (కంటి లోపలి ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతినే జబ్బు), ప్రోస్టేట్ సమస్య ఉన్నవాళ్ళకీ అవి వద్దు. ఇంకో తిరకాసు ఏంటంటే ఎలర్జీ బిళ్లలు కళ్ళని పొడిబారుస్తాయి. బిళ్ల మొదలుపెట్టాక దురద తగ్గి మంట పెరిగిందంటే కారణం అదే. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ నెలల తరబడి రోజూ వేసుకుని ఒక్కసారిగా ఆపితే కొందరికి ఒళ్ళంతా తీవ్రమైన దురద రావచ్చని 2025 మే నెలలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఎక్కువ కాలం వాడినవాళ్ళు ఆపేముందు డాక్టరుతో మాట్లాడండి.

మన దగ్గర చీటీల్లో లెవోసెట్రిజిన్‌తో కలిపి మాంటెలుకాస్ట్ ఉన్న బిళ్ల తరచూ కనిపిస్తుంది. ఉత్త కళ్ళ ఉబ్బుకి అది అక్కర్లేదని నా అభిప్రాయం. మాంటెలుకాస్ట్ వల్ల కొందరిలో పీడకలలు, ఆందోళన, దిగులు లాంటివి వస్తాయని 2020లో ఎఫ్‌డీఏ దాని మీద అతి తీవ్రమైన హెచ్చరిక పెట్టింది. ఉబ్బసం ఉన్నవాళ్ళ లెక్క వేరు. ఇది రాస్తే ఎందుకు అవసరమో అడగడం మీ హక్కు.

ముక్కు స్ప్రేలని మనవాళ్ళు తక్కువ అంచనా వేస్తారు. ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ స్ప్రేలు ముక్కు వాపుని తగ్గిస్తాయి, దాంతో కళ్ళ ఇబ్బంది కూడా చాలామందిలో తగ్గుతుంది. కానీ ఓపిక కావాలి. పూర్తి ఫలితానికి రెండు వారాల దాకా పట్టొచ్చు. రెండు రోజులు కొట్టి "పనిచేయలేదు" అని మూలపడేసిన వాళ్ళలో నేనూ ఉన్నాను. కుడి చేత్తో ఎడమ ముక్కులోకి, ఎడమ చేత్తో కుడి ముక్కులోకి, బయటి వైపు గోడకి తగిలేలా కొట్టాలి. దీన్నీ, ముక్కుని క్షణాల్లో తెరిచే ఆక్సీమెటాజోలిన్ చుక్కలనీ ఒకటే అనుకోవద్దు. అవి వరసగా మూడు రోజులు మించి వాడితే ముక్కు ముందుకన్నా బిగుసుకోవచ్చు.

అన్నిటికన్నా ప్రమాదకరమైంది, అన్నిటికన్నా బాగా "పనిచేసినట్టు" కనిపించేది స్టెరాయిడ్ కంటి చుక్కలు. ఒక మెడికల్ షాపులో "ఎలర్జీకి ఏదైనా ఇవ్వండి" అంటే నాకు చేతిలో పెట్టింది అదే. రెండు పూటల్లో కళ్ళు తెల్లగా మెరిశాయి, నేను నెల రోజులు వాడేశాను. సీసా మీద డెక్సామెథాసోన్, ప్రెడ్నిసోలోన్, బీటామెథాసోన్, ఫ్లోరోమెథోలోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. చాలాసార్లు యాంటీబయాటిక్‌తో కలిపి ఒకే సీసాలో ఉంటుంది. తెలియకుండా వాడుకుంటూ పోతే కంటి లోపలి ఒత్తిడి పెరిగి గ్లాకోమా, లేదా శుక్లం రావచ్చు. గ్లాకోమాలో పోయిన చూపు తిరిగి రాదు. ఎండాకాలంలో కళ్ళు విపరీతంగా దురదపెట్టే మగపిల్లల్లో (వెర్నల్ అనే రకం) వీటి అవసరం పడొచ్చు, కానీ కంటి డాక్టరు ఒత్తిడి కొలుస్తూ ఇవ్వాలి. ఎరుపు క్షణంలో పోగొట్టే నాఫాజోలిన్ చుక్కలూ అంతే. రోజూ వాడితే ఆపగానే ఎరుపు రెట్టింపవుతుంది.

దిండు కవరా, ప్యూరిఫయరా

నా డబ్బు వృథా అయిన చోటు. హెపా ఫిల్టరున్న ప్యూరిఫయర్ గాలిలో తేలే వాటిని బాగా పడుతుంది: పుప్పొడి, పిల్లి నుసి, పొగ. దుమ్ము పురుగుల రెట్ట మాత్రం బరువైనది. దులిపినప్పుడు లేస్తుంది, కాసేపట్లో మళ్ళీ కిందికి దిగిపోతుంది. మీ ముక్కుకి అంగుళం దూరంలో దిండులో ఉన్నదాన్ని గది మూలన ఉన్న యంత్రం ఎలా పీల్చగలదు? కాబట్టి పుప్పొడి పడనివాళ్ళకి ప్యూరిఫయర్, పురుగు పడనివాళ్ళకి కవరు. దిండుకీ పరుపుకీ అన్ని వైపులా జిప్పుతో మూసేసే దగ్గరి నేత కవర్లు దొరుకుతాయి, వాటి ధర ప్యూరిఫయర్ ముందు లెక్కలోకి రాదు. అయితే కవరు ఒక్కటే వేసి ఊరుకుంటే చాలదు. పై గలీబులు, దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్ళలో ఉతకాలి. చాలా టాప్ లోడ్ మిషన్లలో హీటరు ఉండదు. వాటిలో పెద్ద పేరున్న సబ్బుపొడి వేసినా చల్లనీళ్ళకి పురుగు చావదు, రెట్ట మాత్రం కొంత పోతుంది. గీజరు నీళ్ళు బకెట్లో పట్టి అరగంట నానబెట్టి మిషన్లో వేయడం నేను పాటించే రాజీ మార్గం.

మండుటెండలో పరుపు వేయడం మంచిదే, ఎండకి పురుగులు చస్తాయి. చచ్చినా వాటి రెట్ట, పొట్టు అందులోనే ఉంటాయి కాబట్టి తర్వాత బాగా దులపాలి, దులిపేది ఎలర్జీ ఉన్న మనిషి కాకూడదు. పుప్పొడి పడనివాళ్ళు మాత్రం దుప్పట్లు డాబా మీద ఆరేస్తే పుప్పొడిని పక్కలోకి తెచ్చుకున్నట్టే. ఇంట్లో ఒకరికి పురుగు, ఇంకొకరికి పుప్పొడి పడకపోతే ఏం చేయాలన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలని తగాదా. ఫోమ్ పరుపుకి పురుగు పట్టదన్నది షాపువాడి మాట, నమ్మకండి. పిల్లల బొచ్చు బొమ్మల్ని కవర్లో పెట్టి ఒక రోజంతా డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, తర్వాత ఉతకండి.

కూలరా ఏసీయా అంటే, ఎలర్జీ విషయంలో ఏసీకే నా మొగ్గు. కూలరు గదిలో తేమ పెంచుతుంది, దాని గడ్డి చాపలకి బూజు పడుతుంది. ఏసీ గాలి నేరుగా మొహానికి తగలకుండా చూసుకోండి, ఫిల్టరు రెండు వారాలకోసారి కడగండి. పొడి చీపురు కన్నా తడిగుడ్డ మేలు.

ఖర్చే లేని ఇంకో మార్పు స్నానం. మనకి పొద్దున్నే స్నానం అలవాటు. రోజంతా బండి మీద తిరిగిన తల, అందులోనూ నూనె రాసిన జుట్టు, దుమ్మునీ పుప్పొడినీ అంటించుకుని అలాగే దిండెక్కుతుంది. పుప్పొడి రోజుల్లో రాత్రి పడుకునే ముందు తల కడుక్కుని, మొహం, రెప్పలు మంచినీళ్ళతో కడిగితే తేడా వారంలోనే కనిపిస్తుంది. రోజూ తలస్నానం కుదరకపోతే జుట్టుకి పల్చటి గుడ్డ కట్టుకుని పడుకోవచ్చు. దిండు ఒకటికి రెండు వేసి తల కాస్త ఎత్తులో పెట్టుకుంటే నీరు చేరడం కూడా తగ్గుతుంది.

డాక్టరు దగ్గరికి

ఇవన్నీ ఆరు వారాలు చేసినా తగ్గకపోతే చర్మం మీద గుచ్చి చూసే ప్రిక్ టెస్ట్ చేయించుకోవచ్చు. దానికి ముందు ఎలర్జీ బిళ్లలు కొన్ని రోజులు ఆపాలి, ఎన్ని రోజులో వాళ్ళే చెబుతారు. వంద రకాల తిండి పదార్థాలకి రక్తపరీక్ష అని అమ్మే ప్యాకేజీల మీద డబ్బు పెట్టకండి. తిన్నప్పుడు ఏ ఇబ్బందీ రాని వాటిని కూడా "పాజిటివ్" అని చూపించి, ఉన్న భోజనం మాన్పించడమే వాటి ఫలితం. పురుగో, పుప్పొడో కచ్చితంగా తేలితే, ఆ పడని పదార్థాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే ఇమ్యునోథెరపీ అనే దారి ఉంది. అది మూడు నుంచి ఐదేళ్ళు పట్టే ఇంజెక్షన్లు లేదా నాలుక కింది చుక్కలు. ఏటా నెలల తరబడి బిళ్లల మీదే బతికేవాళ్ళకి అది ఆలోచించదగ్గదే, నెలకి నాలుగు రోజులు ఉబ్బేవాళ్ళకి కాదు.

కళ్ళలో దురద, ఎరుపు ఎక్కువైతే కంటి డాక్టరు, ముక్కు ప్రధానమైతే ఈఎన్‌టీ, రెప్పల చర్మం పొట్టు లేస్తుంటే చర్మ డాక్టరు. ఎవరి దగ్గరికి వెళ్ళినా మీ టోకెన్ వచ్చేసరికి పదకొండవుతుంది, అప్పటికి ఉబ్బు దిగిపోయి ఉంటుంది. నేను రెండుసార్లు అలాగే వెళ్ళి, "ఏం లేదే" అనిపించుకుని వచ్చాను. మూడోసారి వారం రోజులు లేవగానే ఫోన్‌లో ఫోటోలు తీసి, కింద టైమూ, ముందురోజు ఏం చేశానో రాసి తీసుకెళ్ళాను. ఏడు ఫోటోల్లో రెండు మామూలుగా ఉన్నాయి. ఆ రెండు రాత్రులూ నేను హాల్లో చాప మీద, వేరే దిండుతో పడుకున్నాను.